పిడి లేని బోరింగు

కనకమామిడి దాటి మొయినాబాద్ వైపు వస్తుంటే, ఎడమ పక్కన, ఫామ్‌హౌస్ గోడకు ఆనుకుని పిడి లేని చేతి బోరింగు ఒకటి ఉన్నది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. టైరు పంక్చరైనా సరే, ఈడ్చుకుంటూ ముందుకే పోతారు.

ఒకప్పుడు చుట్టుపక్కల గుడిసెలన్నీ ఆ బోరింగు నీళ్ళే తాగాయి. తర్వాత గోడ లేచింది. గోడ లోపల లోతు బోరు పడింది. ఈత కొట్టడానికి కొలను నిండింది. బయట బోరింగు దగ్గింది, దగ్గింది... ఆగిపోయింది. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూలికి పోయే మనిషి ఒకామె బిందె పట్టుకుని వచ్చి, పిడి ఊడేదాకా కొట్టీ కొట్టీ అక్కడే ఒరిగిపోయింది. గోడ అవతల నుంచి ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు!

అప్పటి నుంచి రాత్రిపూట అక్కడికి రాగానే బండ్లు వేడెక్కుతాయని, రేడియేటర్లో నీళ్ళు ఆమే తాగేస్తుందని, చీకట్లో గుటకలు వినబడతాయని చెప్పుకుంటారు.

సాలోమోను ఈ కథ విని నవ్వేవాడు. చేవెళ్ళలో ఇల్లు, ముప్పై ఏండ్లు కాలేజీ బస్సు నడిపిన చెయ్యి. "తాగేది దెయ్యం కాదురా, మీరు బాగు చేయించని ఇంజిను" అనేవాడు.

ఆ బుధవారం మాత్రం అతనికి నవ్వు రాలేదు.

వెనక సీట్లో అతని భార్య శాంతమ్మ. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు మెహదీపట్నం దవాఖానలో మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి. సోమవారం ఈ పాత కారే వేడెక్కి దారిలో ఆగితే వంతు తప్పింది. రెండు రోజుల్లో కాళ్ళు దుంగల్లా ఉబ్బాయి. ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. రోజుకు ఒక గ్లాసు నీళ్ళే తాగాలి, ఇంకో వంతు తప్పితే ఒంట్లో చేరిన నీళ్ళు ఊపిరితిత్తులకు ఎక్కుతాయి — డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. తెల్లవారుజామున బస్సుల్లేవు. మెకానిక్ భిక్షపతి కారులో నీళ్ళకు అడ్డుపడే వాల్వు తీసి పారేసి, ఫ్యానుకు నేరుగా కరెంటు ఇచ్చి, "ఇగ ఫికర్ చెయ్యకు బాపూ" అన్నాడు. సాలోమోనుకు నమ్మకం కుదరలేదు. ఐదు లీటర్ల నూనె డబ్బాలు రెండు కడిగి, నీళ్ళు నింపి, డిక్కీ తెరుచుకోక వెనక సీటు కింద, శాంతమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఏమయ్యా, జర గొంతు తడుపుకుంట" అన్నది చేవెళ్ళ దాటగానే.

"నిన్ననే నీ గ్లాసు అయిపోయింది. ఇయ్యాల్టిది మిషన్ ఎక్కినంక."

"బండికైతే డబ్బాలకు డబ్బాలు పోస్తవు. నాకు గుక్కెడు పొయ్యవు. దీనితోనే కాపురం చెయ్యకపోయినవా?"

"ఇది నీ తీరు నోరు చెయ్యదు."

ఆమె నవ్వబోయి దగ్గింది. రోడ్డు గుంతలకు వెనక డబ్బాలు కదిలిన చప్పుడు అప్పుడప్పుడు వినబడింది.

కనకమామిడి దాటింది. వేడి ముల్లు లేచింది... ఇంకా లేచింది... ఎర్ర గీత తాకింది. బానెట్ కింద నుంచి బుస.

కారు ఆగింది — సరిగ్గా బోరింగు ముందు.

"ఇంకెక్కడా దొరకలేదా నీకు" అన్నాడు కారుతోనే.

వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలిపోతుంది. ఆగాడు. వెనక శాంతమ్మ ఊపిరి గురగురమంటోంది. ఒక్కో నిమిషం ఆమెలోంచి పోతున్నట్టే ఉంది... చివరికి తడి గుడ్డ చుట్టి మూత తిప్పాడు. లోపల చుక్క లేదు. ఒక డబ్బా మొత్తం పోశాడు.

బండి కిందికి వంగి ఫోను వెలుతురులో చూశాడు. నేల పొడిగా ఉన్నది. పైపులు బాగానే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. కారకుండా, చిమ్మకుండా అన్ని నీళ్ళు ఎటు పోయినట్టు?

ఇంజిను వేశాడు. వెనక ఎర్ర లైటు వెలుగులో... తెల్లగా ఏదో లేచి నిలబడింది.

సాలోమోను దిగి చూశాడు.

సైలెన్సర్ లోంచి ఆవిరి. గేజి పుల్ల గుంజి చూశాడు. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉన్నది. అతనికి అర్థమైపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. నీళ్ళు ఇంజిన్ లోపలికే దిగి, ఆవిరై పోతున్నాయి. దీనికి రోడ్డు మీద మందు లేదు. అయినా రెండో డబ్బా పోస్తే మొయినాబాద్ వరకైనా ఈడ్చుకుపోవచ్చు, అక్కడ ఎవరి కాళ్ళయినా పట్టుకోవచ్చు. ఇంజిను ఆపాడు.

వెనక తలుపు తెరిచి డబ్బా ఎత్తాడు.

తేలిగ్గా ఉన్నది.

నిండుగా నింపి మూత బిగించిన డబ్బా. ఇప్పుడు బెత్తెడు తక్కువ. అడుగు తడిమాడు — పొడి. ఇంజిను తాగినదానికి కారణం దొరికింది. దీన్ని తాగిందెవరు?

"శాంతా... ఇటు ఎవరన్న వచ్చిండ్రా?"

ఆమె కండ్లు మూసుకునే గొణిగింది. "నీళ్ళు దొరకక దూపతోని పోయిన మనిషి... ఆమె దూప ఎట్ల తీరుతదయ్యా?"

డబ్బా అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా రోడ్డు మీదికి ఉరికాడు. ఎవరన్నా రావాలి. ఎవరైనా సరే.

వెనక నుంచి వినబడింది.

గటక్... గటక్... గటక్...

"ప్రభువా..." అన్నాడు. తల తిప్పలేకపోయాడు.

అప్పుడే దూరంగా ఒక కారు. రెండు చేతులూ ఊపాడు. "అన్నా! ఆపండన్నా! పేషెంట్ ఉన్నది!" కారు వేగం తగ్గింది. దగ్గరికి వచ్చింది. అద్దం కూడా సగం దిగింది.

దాని లైట్లు సాలోమోను కారు వెనక సీటు మీద పడ్డాయి.

తెల్లచీర. విడిపోయిన తెల్ల జుట్టు. ఉబ్బి కండ్లు పూడిపోయిన మొహం. రెండు చేతులా డబ్బా ఎత్తి పట్టుకుని... గడ్డం మీదుగా, గుండెల మీదుగా కారిపోతుంటే... శాంతమ్మ తాగుతోంది.

ఆ కారులో ఆడమనిషి కెవ్వుమంది. "పోనియ్! పోనియ్! అదే... బోరింగు కాడిది!" అద్దం పైకి లేచింది. కారు మొయినాబాద్ వైపు దూసుకుపోయింది.

సాలోమోను మెల్లగా వెనక్కి వచ్చాడు. శాంతమ్మ డబ్బా దించి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఎన్ని నెలల తర్వాతో, ఆమె మొహం చల్లబడింది.

డబ్బా ఊపి చూసి అతని ముందు పెట్టింది. "జరంత మిగిలింది... బండికి పోసుకో."

అతను తెరిచి ఉన్న బానెట్ వైపు చూశాడు. కారు పోయిన రోడ్డు వైపు చూశాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"తాగు" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి బండీ, బోరింగు దగ్గర తెల్లచీర కనబడగానే, వేగం పెంచింది.