పేరు పెట్టి పిలిచిన కోడలు

పొద్దున టీ దగ్గరే సైరాకాన్ మొదలుపెట్టింది. "ఆయన ఛాతీకి కాస్త గొర్రె కొవ్వు రాస్తే తప్పేంటట?"

"వద్దత్తయ్యా. ఆ గొట్టం లోపలంతా ఆక్సిజనే. ఒంటిమీద జిడ్డుంటే నిప్పంటుకుంటుంది," అంది కోడలు జిపారా, మామగారికి నూలు చొక్కా అందిస్తూ.

"చదువుకున్నదానివి, నీకే తెలుసులే!"

సరస్సు ఒడ్డున ఉన్న శానటోరియంలో, రోగిని పడుకోబెట్టి తలుపు బిగించే పెద్ద ఆక్సిజన్ గొట్టం నడిపే నర్సు జిపారా. మామగారి గుండె లయ తప్పుతోందని, మాత్రలతోపాటు పది రోజులపాటు రోజూ కాసేపు అందులో పడుకోబెట్టి చూద్దామన్నాడు డాక్టరు. కోడలి ఉద్యోగం అత్తగారికి మొదటినుంచీ గిట్టదు. ఇంటి మర్యాద తప్పిన రోజున మాన్పించేస్తానని చెప్పి మరీ పంపుతోంది. జిపారాకేమో ఆ ఉద్యోగమంటే ప్రాణం.

ఆ రోజు ఆయన గొట్టంలో పడుకున్న ఇరవై నిమిషాలకు తెరమీద గుండె గీత లయ తప్పింది. అద్దంలోంచి చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు.

"మామయ్యా! వినిపిస్తోందా? చెయ్యెత్తండి!" మైకులో అరిచింది జిపారా. ఉలుకూ పలుకూ లేదు. లోపలి ఒత్తిడి మెల్లగా తగ్గించాలే తప్ప తలుపు చటుక్కున తీయడానికి లేదు. మీట కొద్దికొద్దిగా తిప్పుతూ మళ్లీ మైకు దగ్గరికి వంగింది. మామగారి పేరు కోడలి నోట రాకూడదు. ఏడేళ్లుగా అదే పేరున్న పక్కింటి పిల్లాణ్ణి కూడా ఆమె "ఆ అబ్బాయి" అనే అంటోంది.

"మంబెతాలీ!"

ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "ఆఁ, వస్తున్నా!"

కాసేపటికి గీత కుదుటపడింది. ఈలోగా బయట కూర్చున్న సైరాకాన్ లోపలికి దూసుకొచ్చింది.

"ఎంత పొగరే! కొండమీద గొర్రెల కాపరిని కేకేసినట్టు పిలుస్తావా? రేపటినుంచి ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు!"

"మాన్పించండత్తయ్యా. ఆయన పలికారు, నాకదే చాలు." జిపారా ఏడ్చేసింది.

ఒత్తిడి పూర్తిగా దిగి గొట్టం తలుపు తెరుచుకుంది. "అరవకే," అన్నాడు ముసలాయన మెల్లగా లేస్తూ. "కునుకు పట్టేసింది. మామయ్యా, తాతయ్యా అనేవి రోజూ వినేవే, చెవికెక్కవు. మా అమ్మ పిలుస్తోందనుకున్నా. అమ్మ పోయి ఇరవై ఆరేళ్లు. ఆ తర్వాత నన్నా పేరుతో పిలిచిందెవరే, పింఛను ఆఫీసువాళ్లు తప్ప?"

నలభై ఏళ్ల కాపురంలో సైరాకాన్ కూడా ఒక్కసారీ అలా పిలవలేదు. పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది. పెదవులు కదిలాయిగానీ పేరు బయటికి రాలేదు. ఏడుపులోనే సిగ్గుతో నవ్వొచ్చింది.

"నావల్ల కాదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "అమ్మాయ్, రేపు కూడా నువ్వే పిలువు."