బతికున్న పైలట్ దెయ్యం

మూతపడ్డ గాజు ఫ్యాక్టరీ ఆవరణలోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో చల్లారిన కొలిమి రాత్రిళ్ళు దానంతటదే రగులుతుందనీ, లోపల ఎవరో గాజు పెంకులు ఊడుస్తున్న చప్పుడు వస్తుందనీ చెప్పుకుంటారు. కళ్ళారా చూసినవాడు ఒక్కడూ దొరకడు. చూసినవాడి బావమరిది మాత్రం వీధికొకడు ఉంటాడు.

ఆ మాటకొస్తే నేనూ బావమరిదినే... మా బావ హెలికాప్టర్ మెకానిక్కు.

ఒకరోజు మధ్యాహ్నం చిన్న హెలికాప్టరొకటి సరిగ్గా ఆ ఆవరణ మీదికి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది. పైలట్ గుండెదిటవున్న మనిషి. రెక్కలు ఇంకా తిరుగుతున్న ఊపుతోనే దాన్ని కిందికి దించాడు. దాని తోకా విరిగింది, అతని కాలూ విరిగింది. ఆసుపత్రి మంచం మీద పేపరు చదువుకుంటున్నాడు. అయినా సాయంత్రానికల్లా అతని దెయ్యం ఆవరణలో తిరుగుతోందని ఊరంతా గుప్పుమంది. మనిషి బతికే ఉన్నాడు కదా అంటే, అయితే ఏమిటట అన్నారు. కాపలా పెట్టిన మనిషి పొద్దుగూకకముందే ఇంటికి పరుగు లంకించుకున్నాడు.

బావకి అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ముందురోజు ఆ హెలికాప్టర్ని కడిగింది తనే. కడిగేటప్పుడు నీళ్ళు పోకుండా పెట్రోలు ట్యాంకు గాలి రంధ్రానికి టేపు అంటించాలి. కడిగాక తీసేయాలి. అంటించడం గుర్తుంది... తీయడం గుర్తులేదు. రంధ్రం మూసుకుపోతే పెట్రోలు సరిగా దిగదు, ఇంజన్ ఆగిపోతుంది. పొద్దున్నే విచారణాధికారి వస్తాడు. టేపు కనబడిందా, లైసెన్సుకి నీళ్ళొదులుకోవాల్సిందే.

కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అక్క అడిగితే తలనొప్పి అన్నాడు. ఆమె నిద్రపోయాక చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాడు.

చెప్పులు తొడుక్కుని గేటు సందులోంచి దూరాడు. టార్చి వేయలేదు. వెలుగు చూసి ఎవరైనా వస్తారని ఒక భయం, ఆ వెలుగులో ఏం కనబడుతుందోనని ఇంకో భయం. కాళ్ళకింద గాజు పెంకులు కరకరమంటున్నాయి. ఆగాడు. తను ఆగితే చప్పుడూ ఆగాలి కదా — ఆగలేదు.

కర్ర్... ఠక్. కర్ర్... ఠక్.

హెలికాప్టర్ అవతల ఒక తెల్లటి కాలు. ఒక్కటే కాలు. దానిపైన మనిషి లేడు. అది మెల్లగా తలుపుదాకా వచ్చి, లోపలికెక్కలేక నానా తంటాలూ పడి, అమ్మా అని మూలిగింది.

దెయ్యానికి నొప్పేమిటని బావకి అనుమానం వచ్చింది.

"ఎవరది?" అన్నాడు.

"నువ్వా... మెకానిక్కువి కదూ?"

పైలటే. నల్ల దుప్పటి కప్పుకుని, పిండికట్టు కాలితో, చంకకర్రల మీద.

ఇద్దరూ ముందు సీట్లలో కూలబడ్డారు. గాలిలో తేమ ఉన్నప్పుడు ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో మంచు పట్టి అది ఆగిపోకుండా వేడిగాలి పిడి లాగాలట. లాగినట్టు పైలట్‌కి గుర్తులేదు. ఇప్పుడైనా లాగిపోదామని ఆసుపత్రి గోడవారగా తప్పించుకొచ్చాడు. ఆ మాట వినగానే బావ కళ్ళనీళ్ళు పెట్టుకుని టేపు సంగతి కక్కేశాడు. తప్పు నాదంటే నాదని కాసేపు పోట్లాడుకున్నారు కూడా. జన్మలో మనసు అంత తేలికపడలేదంటాడు బావ. ఆఖరికి రాజీపడ్డారు. పిడి లాగడం బావ చూడనట్టు, టేపు పీకడం పైలట్ చూడనట్టు.

వెనక సీట్లో ఎవరో దగ్గారు.

ఇద్దరికీ పైప్రాణాలు పైనే పోయాయి. చీకట్లో దుప్పటి కుప్పలాంటిదేదో లేచి కూర్చుని, నిదానంగా కళ్ళజోడు పెట్టుకుంది...

"విచారణాధికారిని. సాయంత్రమే వచ్చాను. కాపలావాడు లేడు... దీన్ని ఒంటరిగా వదలకూడదని రూలు."

టార్చి వేసి ఒళ్ళో కాగితం చూసుకున్నాడు.

"టేపు లేదు. తీసేసే ఉంది. పిడి లాగే ఉంది. వాల్వు విరిగి ఇంజన్ ఆగింది. మీ ఇద్దరి తప్పూ లేదని రాసి సంతకం కూడా పెట్టేశాను."

బావ పైలట్‌ని కావలించుకున్నాడు. అధికారి ఆ కాగితాన్ని మెల్లగా నాలుగు ముక్కలు చేశాడు.

"ఇప్పుడు మళ్ళీ రాయాలి... సాక్ష్యం మార్చడానికి అర్ధరాత్రి వచ్చారని. పేర్లు చెప్పండి."

ఆ రాత్రి నిజంగా దెయ్యమే పట్టుకుని ఉంటే ఏ తాయెత్తుతోనో వదిలిపోయేదని మా అక్క ఇప్పటికీ ఏడుస్తుంది.