అండర్‌పాస్ గోడ మీద చేతులు

ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో మనవాళ్ళుండే హౌసింగ్ ఎస్టేట్ వెనక, పెద్ద రోడ్డు కిందుగా ఓ అండర్‌పాస్ ఉంది. చీకటి పడ్డాక మనవాళ్ళెవరూ అటు వెళ్ళరు. పొద్దున్నే చూస్తే గోడంతా బురద చేతుల అచ్చులు... కౌన్సిల్ వాళ్ళు కడిగేస్తారు. తెల్లారేసరికి మళ్ళీ—

చలపతి ఇలాంటివి నమ్మే మనిషి కాదు. వేర్‌హౌస్‌లో షిఫ్ట్ ముగించుకుని వస్తుంటే ఆ రాత్రి కారు మొరాయించింది. టాక్సీ దొరకలేదు. ఇక ఆ దారే గతి.

లోపల లైట్లు లేవు. నాలుగడుగులు వేశాడో లేదో—

తప్.

ఆగాడు. చప్పుడూ ఆగింది.

తప్... తప్...

తడి చేత్తో ఎవరో గోడని చరుస్తున్నట్టు. వెనక్కి తిరగబోయాడు. ఎదురుగా... తెల్లచీర. విరబోసుకున్న జుట్టు. మోచేతుల నుంచి నల్లగా ఏదో కారుతోంది. ఆమె పాదాల దగ్గర ఇంకో మనిషి... కదలకుండా.

చలపతి కెవ్వుమన్నాడు.

కింద కూర్చున్న మనిషి చేతిలో టార్చి వెలిగింది. "అరవకు అన్నా..." గుసగుసగా అంది. "అమ్మ బెదురుతది."

ఎదురింటి వర్షిత! ఆ తెల్లచీర కింద ట్రైనర్స్ బూట్లు, పక్కన బురద బకెట్టు. ఆ చీరలో ఉన్నది వాళ్ళమ్మ లక్ష్మీబాయి. డిమెన్షియా. రాత్రయితే నిద్రుండదు, లేచి పని వెతుక్కుంటుంది. పిడకలు కొట్టాలంటుంది. ఆ బురదే ఆమెకి పేడ.

"ఇంట్లోనే ఉంచొచ్చు కదమ్మా!" అన్నాడు చలపతి.

"తాళమేసి చూసిన. తలుపు కొట్టి కొట్టి చేతులు వాచినయ్. నిద్రమందేస్తే కూలబడ్డది. ఈడ జరసేపు పని చేస్కుంటే ఇంటికొచ్చి పండుకుంటది. నేను గూడ అప్పుడే కునుకు తీసేది."

"ఇక్కడ దెయ్యముందని అందరూ..."

"అననియ్యి!" వర్షిత గొంతు లేచింది. "గోడ కడుగుతరా, కడగనియ్యి. రేపు మళ్ళొస్తం. మా అమ్మ దొంగతనం చేస్తలేదు, పని చేస్తుంది. అమ్మను నేనైతే కట్టెయ్య."

చలపతి టార్చి అందుకున్నాడు. "కాసేపు నేను చూస్తాలే."

గోడకి తల ఆనించిందో లేదో... వర్షితకి నిద్ర పట్టేసింది.

లక్ష్మీబాయి ఇటు తిరిగింది. "నిలవడ్డవేంది బిడ్డా? పెండ అందియ్యి."

బకెట్లో చెయ్యి పెట్టి ఓ ముద్ద తీసిచ్చాడు.

తప్.

అటు చివర అడుగుల చప్పుడు. ఎవరో వచ్చి ఆగారు... మరుక్షణం కేకేసి ఒకటే పరుగు. అసలు సంగతి చెబుదామని చలపతి నోరు తెరిచాడు. నిద్రపోతున్న వర్షిత వైపు చూశాడు.

పరిగెత్తనీ.

ఇంకో ముద్ద తీశాడు.