నెల్బా బెంచీ

“మీ ఆవిడ పుస్తకమే కావాలి,” అన్నాడు కల్నల్ ఎచెవెర్రీ. “కొత్తది పెడితే పసిగట్టేస్తారు.”

ఏజెంట్ బల్పర్దా కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు. మోంటెవిడియో రేవుకి ఎదురుగా ఉన్న ఆ మేడగదిలో, బల్ల మీద ఒక పాత క్రైమ్ నవల ఉంది. అట్ట మీద పిస్తోలు, పొగ, ఎర్ర గౌను. పోయిన భార్య నెల్బా అలమరలోంచి పొద్దున తనే తీసి తెచ్చాడు. టెక్నికల్ సెక్షన్ వాళ్లు మధ్య పేజీలు చదరంగా కోసి, ఆ గుంటలో మైక్రోఫిల్మ్ దాచారు. కోసిన ముక్కలు చెత్తబుట్టలో ఉన్నాయి. బల్పర్దా అటు చూడకుండా కూర్చున్నాడు.

“ఫిల్మ్‌లో ఉన్నవి రేవు రాడార్ కోడ్లు. నకిలీవి,” అన్నాడు కల్నల్. “స్మగ్లర్ల ముఠా కొరియర్ వచ్చి పుస్తకం తీస్తాడు. వాడి వెనకే మనం వాళ్ల ఓడ దాకా వెళ్తాం. సాయంత్రం దాటితే ఓడ మనకి చిక్కదు. ఆ బెంచీ మీద పుస్తకమంటే ఎవరికీ అనుమానం రాదు కదా.”

రాదు. చదివేసిన థ్రిల్లర్లని నైలాను సంచిలో చుట్టి, సముద్రమంత వెడల్పున్న ఏటి ఒడ్డున అదే బెంచీ మీద నెల్బా ఏళ్ల తరబడి వదిలిపెట్టింది. ఎవరు తీసుకున్నారని ఎప్పుడూ ఆరా తీయలేదు. ఆమె పోయాక కూడా జనం ఆ బెంచీ వైపు ఒకసారి తొంగిచూసి పోతున్నారు. వాళ్లకోసం బల్పర్దా ఒక్క పుస్తకమూ పెట్టలేదు. ఇప్పుడు పెట్టబోతున్నది కడుపు కోసిన పుస్తకం.

“సార్‌కి మనసు ఒప్పుతున్నట్టు లేదు,” అంది కిటికీ దగ్గర నిలబడ్డ మిరేయా. నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, ఖరీదైన సెంటు. ముఠాలో ఉంటూనే గూఢచారి సర్వీసుకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. “నాకూ బాధగానే ఉంది. ఆవిడ పుస్తకాలు ఆ బెంచీ మీద ఎన్ని ఏరుకున్నానో!”

బల్పర్దా తల వంచుకున్నాడు. పరాయి మనిషికి ఉన్నపాటి బాధ కూడా తనకి లేకపోయింది.

“కోడ్?” అన్నాడు.

“‘తడిసిందా?’ అంటాను. ‘ఎండలో ఆరింది’ అనండి. నేనలా అడిగితే కొరియర్ బయల్దేరాడని అర్థం.”

మధ్యాహ్నానికి ముసురు పట్టింది. ముసురు పడితే ఆ ఊళ్లో వీధికొకరు తోర్తా ఫ్రీతాలనే పిండి రొట్టెలు నూనెలో వేయిస్తారు. కనుక బెంచీకి కాస్త దూరంలో ఏప్రన్ కట్టుకుని మూకుడు ముందు నిలబడ్డ కల్నల్‌ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వేసినవన్నీ మాడుతున్నాయి, అంతే తేడా.

వాన తెరిపివ్వగానే బల్పర్దా సంచి బెంచీ మీద పెట్టి ఓ చివర కూర్చున్నాడో లేదో, చంకలో వేన్నీళ్ల థర్మాస్‌తో, చేతిలో మాతే టీ తాగే సొరబుర్రతో పెద్దావిడ దోన్యా ఒర్ఫిలియా ప్రత్యక్షమైంది. రిటైరైన బస్ కండక్టరు. గొంతు మాత్రం రిటైరవలేదు.

“బతికే ఉన్నావా బల్పర్దా! నెల్బాతో పాటే ఈ బెంచీ కూడా పోయిందనుకున్నా.” సంచి అందుకుని ఒళ్లో పెట్టుకుంది.

“అది వద్దు దోన్యా. మంచిది ఇంకోటి తెచ్చిస్తా.”

“ఎందుకొద్దు? నువ్వు రాశావా? ఇదిగో, మాతే కలుపుకుని మొదలుపెడతా. చాన్నాళ్లయిందయ్యా!”

ఆ ముఖంలో సంబరం చూసి బల్పర్దా సంచి లాక్కోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సెంటు వాసన వచ్చింది. “తడిసిందా?”

“ఎండలో ఆరింది.”

మిరేయా మధ్యలో కూర్చుని, తన థర్మాస్ పక్కన పెట్టుకుంది. ఒర్ఫిలియా ఒళ్లో సంచి చూసి నవ్వింది. “ఇదా! ఏముందండీ ఇందులో? చంపింది డాక్టరు పెళ్లామే. వదిలెయ్యండి.”

ఒర్ఫిలియా చేతిలో మాతే ఆగిపోయింది. “నోరా అది, మురిక్కాలవా? ఈ బెంచీ మీద పుస్తకం తీసేవాళ్లు ముగింపు చెప్తారుటే? నెల్బా ఉంటే నిన్నీ ఏట్లో ముంచేది!”

ఎవరూ చెప్పరు. ఈ బెంచీకి ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు అది. మిరేయా ఎన్నడూ ఇక్కడ పుస్తకం ఏరుకోలేదు. ఆ మాట అబద్ధమైతే, ఇంకెన్ని అబద్ధాలు?

“ఫోన్, ఒక్క నిమిషం,” అంటూ మిరేయా లేచి వడివడిగా నడిచింది. థర్మాస్ అక్కడే ఉంది.

ఆ ఊళ్లో వాళ్లు గొడుగు మర్చిపోతారు, మొగుణ్ణి మర్చిపోతారు. థర్మాస్ మర్చిపోరు.

బల్పర్దా దాన్ని ఎత్తాడు. ఇనుపగుండంత బరువు. లోపల నీళ్ల చప్పుడు లేదు.

“దోన్యా, కింద పడుకో!”

పిట్టగోడ దాకా పరిగెత్తి బలంకొద్దీ విసిరాడు. నీళ్లని తాకీతాకగానే అది పేలింది. ఏరు నిలువునా లేచి వాళ్లిద్దరి మీదా కూలింది. అవతల కల్నల్ పిండి చేతులతోనే, పారిపోతున్న మిరేయా పిస్తోలు లాగేసుకుని, ముఠాకి మాటలు చేరవేస్తున్న ఆమె మెడలోని మైక్రోఫోన్ తెంచాడు. ఓడ పేరు ఆమె ఫోన్‌లోనే దొరికింది. లంగరు ఎత్తకముందే తీరరక్షక దళం దాన్ని చుట్టుముట్టింది.

ఒర్ఫిలియా ముఖం తుడుచుకుని, సంచి విప్పి, పుస్తకం తెరిచింది. గుంట కనిపించింది.

“ఇది ఎవరు చేశారు?”

“నేనే చేయించాను.”

పేలుడుకి చెదరని ఆమె ముఖం అప్పుడు ముడుచుకుపోయింది. చాలాసేపు ఆ చదరపు గుంటని వేలితో తడుముతూ ఉంది. బల్పర్దా చూపు తన తడిసిన బూట్ల మీద నిలిచింది.

“సరే. ముగింపు ఆ వగలాడి చెప్పేసింది. మొదలు ఇక్కడుంది. మధ్యలో ఏం జరిగిందో నువ్వు చెప్పు.”

“నేను చదవలేదు.”

“పోనీ, నెల్బా పెట్టినవాటిలో వేరే ఏదైనా చెప్పు.”

అతను ఏటి వైపు చూశాడు.

“ఒక్కటీ చదవలేదా?” అంది ఒర్ఫిలియా, ఈసారి చాలా నెమ్మదిగా.

సర్వీసులో చేరిన నాటినుంచీ ఎన్ని దేశాలవాళ్లు నిలదీసినా నోరు విప్పని ఏజెంట్ బల్పర్దా, ఒక రిటైరైన కండక్టరు ముందు టిక్కెట్టు లేకుండా దొరికిపోయాడు.