నరేష్ కట్టిన రెక్క

బాల్సా చెక్కని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ళకి నవ్వొస్తుంది. చూడ్డానికి మామూలు పలకే. ఎత్తితే మరమరాల పొట్లమంత బరువు కూడా ఉండదు. మా తమ్ముడు నరేష్ ఆ చెక్కలొచ్చిన పెట్టె విప్పిన రోజున మా అమ్మ మరిడమ్మ ఒక పలకని అరచేతిలో పెట్టుకుని ఉఫ్ఫని ఊదింది. అది ఎగిరి మంచం కింద పడింది.

"ఇదేటి సెక్కరా! దీంతో ఇమానం కడతావేటి?" అని పడీ పడీ నవ్వింది అమ్మ.

మాది పూసపాటిరేగ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. అందరూ వేటకెళ్ళేవాళ్ళే. నాన్న పోయాక అమ్మ చేపల గంప మోసి మా అన్నదమ్ములిద్దర్నీ చదివించింది. నేను విజయనగరంలో ఐటీఐ పిల్లలకి ఫిట్టర్ పని నేర్పుతాను. నరేష్ నెల్లిమర్ల జూట్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ఇద్దరికీ పిచ్చి ఒకటే, రిమోట్‌తో ఎగిరే విమానాలు. మొదట్లో థర్మాకోల్‌ది ఒకటి ఉండేది. దాన్ని కిందికి దించేముందు నరేష్ రెక్కలు అటూ ఇటూ ఊపించేవాడు.

"తిరిగొత్తన్నానని సెప్తన్నాదన్నియ్యా" అనేవాడు.

తర్వాత ఈ బాల్సా కిట్ తెప్పించాడు. హరికేన్ అని, రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ఫైటర్ విమానం. దాని నమూనా ఇది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి నా చాచిన చేతులంత ఉంటాయి. పెట్రోలు అక్కర్లేదు, బ్యాటరీతో తిరిగే మోటారు. ప్లాను కాగితం మీద పాలిథిన్ పరిచి, పక్కటెముకల్లాంటి పల్చటి ముక్కల్ని గుండుసూదులతో నిలబెట్టి, ఒక్కొక్కటీ జిగురు చుక్కతో అతికించుకుంటూ పోవాలి. ఎడమ రెక్క నరేష్ వంతు, కుడి రెక్క నా వంతు. వాడిది ముందే అయిపోయింది. నాది సగంలో ఉండగా నరేష్ పోయాడు.

మా ఎర్రన్న మావ, అంటే అమ్మ తమ్ముడు, ఆ రోజు పడవలో ఒక మనిషి తక్కువయ్యాడని సెలవులో ఉన్న నరేష్‌ని రమ్మన్నాడు. తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు కనపడుతూ ఉండగానే, కెరటం పడవని తిరగేసింది. అందరూ ఈదుకుంటూ వచ్చేశారు. నరేష్ రాలేదు. ఊళ్ళో ఉన్న పడవలన్నీ వెతికాయి. శవం కూడా దొరకలేదు.

అమ్మ కర్మ చెయ్యనివ్వలేదు. "నా బిడ్డని సూపించండి, అప్పుడేడుత్తాను" అంది. గంప పట్టడం మానేసింది. పొద్దస్తమానం ఇసకలో కూర్చుని నీళ్ళకేసి చూసేది. మా ఆవిడ గౌరి, ఎర్రన్న మావ కూతురే, బతిమాలి అన్నం పెడితే సగం పక్కకి తీసి "ఆడికుంచు" అనేది. చూస్తుండగానే మనిషి ఎండుచేపలా అయిపోయింది. డాక్టరు మందులు రాశాడు. అమ్మ వాటిని ఇసకలో పాతేసింది.

ఒకరోజు తనే నా గదిలోకి వచ్చింది. బల్ల మీద దుమ్ముకొట్టుకుని ఉన్న రెక్కని తడిమి, "ఆడు మొదలెట్టింది సగంలో ఒగ్గీకూడదురా, ధనరాజూ" అంది. ఇన్నాళ్ళకి అమ్మ ఒక మాట అడిగింది. నాకదే చాలనిపించింది.

వానాకాలమంతా ఆ పని మీదే ఉన్నాను. కుడి రెక్క పూర్తిచేశాను. మధ్య భాగం కట్టి, గరుకు కాగితంతో రుద్ది, పల్చటి రంగు ప్లాస్టిక్ పొర పరిచి ఇస్త్రీపెట్టెతో అంటించాను. ముక్కులో మోటారు బిగించాను. రెక్కల చివర్న కదిలే చిన్న పలకలకి వైర్లు కలిపాను. అమ్మ గడప మీద కూర్చుని చూసేది. గది నిండా చెక్కపొడి వాసన, బయట వాన చప్పుడు. ఆ రోజుల్లో అమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది. బతికించుకున్నాననే అనుకున్నాను.

మొదటిసారి బ్యాటరీ పెట్టిన సాయంత్రం కరెంటు పోయింది. మబ్బు పట్టి ఇల్లంతా చీకటిగా ఉంది. రిమోట్ ఇంకా ఆన్ చెయ్యలేదు. బ్యాటరీ తగిలించగానే మోటారు కూసింది. రిమోట్ సిగ్నల్ అందకపోతే ఈ మోటార్లు ఆగి ఆగి సన్నగా కూస్తాయి. పొలాల్లో పడిపోయిన విమానాన్ని వెతుక్కోడానికి ఆ ఏర్పాటు. కాబట్టి భయపడాల్సిందేమీ లేదు.

ఎడమ రెక్క పలక కదిలింది. పైకి... కిందికి... పైకి... కిందికి.

కుడిది కదలలేదు. వైరు ఎక్కడో తగులుతోందనుకుని బ్యాటరీ ఊడదీశాను. మోటారు కూత ఆగిపోయింది. నేను వైర్లు చూస్తూ ఉండగా గౌరి కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"బావా..." అంది. "బేటరీ నీ సేతిలో ఉన్నాది కదా?"

అప్పుడు చూశాను. పలక ఇంకా ఊగుతోంది. పైకి, కిందికి. నరేష్ ఊపించినట్టే.

గౌరి వెనకనుంచి అమ్మ వచ్చింది. ఆమె భయపడలేదు. విమానాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, చంటిబిడ్డకి చేసినట్టు దానిమీద చెయ్యి వేసి, "నాయనా" అని పిలిచింది. పలక ఊగింది. "ఎక్కడున్నావురా?" పలక ఆగిపోయింది. అమ్మ మెల్లగా విమానం ముక్కుని వీధి వైపు తిప్పింది. కదల్లేదు. తోటల వైపు తిప్పింది. కదల్లేదు. సముద్రం వైపు తిప్పింది.

రెక్క విరిగిపోతుందేమో అన్నంత గట్టిగా కొట్టుకుంది పలక.

ఆ రాత్రే దాన్ని పొయ్యిలో పెట్టేద్దామనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను కూడా. అమ్మ అడ్డం వచ్చింది. నా కాళ్ళ మీద పడింది. కన్నతల్లి నా కాళ్ళు పట్టుకుని, "ఒక్కపాలి ఎగరెయ్యిరా. నా బిడ్డ ఎక్కడున్నాడో సూపిత్తాడు. ఆడి ఎముకలైనా తెచ్చుకుంటాను. ఆ తరవాత నన్నేటి సెయ్యమంటే అది సేత్తాను" అని ఏడ్చింది. నరేష్ పోయాక అమ్మ కంట్లో నీళ్ళు చూడడం అదే మొదలు. నేనేం చెయ్యను?

మర్నాడు పొద్దువాటారే వేళకి అమ్మ, మావ, నేను ఒడ్డుకి వెళ్ళాం. ఎర్రన్న మావ విమానాన్ని తలమీదికెత్తి గాలికెదురుగా విసిరాడు. చక్కగా లేచింది. మా తమ్ముడూ నేనూ కట్టిన విమానం గాల్లో ఉంది. ఒక్క క్షణం నాకు సంతోషం కూడా వేసింది. దాన్ని ఎడమకి తిప్పాను. తిరగలేదు. మోటారు తగ్గించాను. తగ్గలేదు. రిమోట్ ఆపేశాను... అయినా తిన్నగా సముద్రం మీదికి వెళ్ళిపోయింది. చుక్కంత అయ్యాక గుండ్రంగా తిరిగి, ఎవరో చేత్తో దించినట్టు నీళ్ళమీద వాలింది.

తర్వాత కూత మొదలైంది. కెరటాల హోరులో పక్కన మనిషి మాటే వినపడదు. అంత దూరంనుంచి ఆ సన్నటి కూత ముగ్గురికీ వినపడింది.

అమ్మ అప్పటికే మావ పడవ ఎక్కేసింది.

"వద్దప్పా. ఇంటికెల్లిపోదాం" అని అక్కని బతిమాలాడు మావ.

"నువ్వు రాపోతే ఈదుకెల్తాను."

వెళ్తుందని ఇద్దరికీ తెలుసు. మావ ఇంజను తిప్పాడు.

ఒడ్డు కెరటాలు దాటేసరికి పడమట వెలుగు సన్నటి గీతలా మిగిలింది. కూత వినడానికి మావ మధ్యమధ్యలో ఇంజను ఆపేవాడు. ఆపినప్పుడల్లా అది దగ్గరగా వినపడేది. చివరికి ఒక చోట నీళ్ళు చప్పబడిపోయాయి. అల లేదు. గాలి లేదు. పడవకి నీళ్ళు తగిలే చప్పుడు కూడా లేదు. మోకాళ్ళలోతు బురదలో చచ్చిన చేపలు కుళ్ళినట్టు వాసన. పుట్టినప్పట్నుంచీ ఈ నీళ్ళమీద తిరిగిన మావ, "ఇదెక్కడిదిరా..." అని గొణిగాడు.

విమానం పడవ పక్కనే తేలుతోంది. ఎడమ రెక్క పలక నీళ్ళని మెల్లగా తడుతోంది. తప్... తప్... తప్...

కూత ఆగింది.

పడవ చెక్క కిందనుంచి, సరిగ్గా మా పాదాల కిందనుంచి, ఎవరో పలికారు.

"అమ్మా..."

నరేష్ గొంతే. జ్వరమొచ్చినప్పుడు పిలిచేవాడే, అలాగ.

అమ్మ పడవ అంచుమీదికి వాలి నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఆమె మొహం వెలిగిపోయింది. "పట్టుకున్నాడ్రా..." అంది గుసగుసగా. "సెయ్యట్టుకున్నాడ్రా. సల్లగైపోనాడు నా బిడ్డ..."

"అమ్మా... ఇంకొంచెం వొంగు."

పడవ ఒరిగింది. అమ్మ చెయ్యి మోచేతి దాకా నీళ్ళలోకి దిగింది. భుజం దాకా దిగింది. నేను ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాను. రాలేదు. మూడు గంపల బరువు కూడా లేని మనిషి. బండరాయిని లాగినట్టుంది. మావ ఇంజను తాడు లాగుతున్నాడు. అది అంటుకోవట్లేదు. మావ ఏడుస్తున్నాడు.

"ఒగ్గీరా, ధనరాజూ... నన్నొగ్గీరా... ఆడొక్కడూ ఉన్నాడు..."

"నానొగ్గనమ్మా..."

ఆమె చెంప నీళ్ళకి తగిలింది. ఇంకొంచెం దిగితే ముక్కు మునిగిపోతుంది. ఏం చెయ్యాలో తెలియలేదు. ఒక చేత్తో అమ్మని పట్టుకుని, రెండో చేత్తో తెడ్డు అందుకుని, విమానం మీద కొట్టాను. ముక్కు విరిగింది. మళ్ళీ ఎత్తాను.

"అన్నియ్యా... వద్దు..."

ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను కొట్టాను. కళ్ళు మూసుకుని కొట్టాను. పెళుక్కుమని ఎడమ రెక్క ఊడిపోయింది.

బాల్సా చెక్క మునగదు. ముక్కలు చేసినా, నుసి చేసినా తేలుతుంది. ఆ రెక్క తేలలేదు. ఎవరో కొస పట్టుకుని లాగినట్టు నిలువుగా లేచి, నీళ్ళలోకి దిగిపోయింది.

అమ్మ ఒక్కసారిగా వెనక్కి, నామీద పడింది. ఇంజను అంటుకుంది. ఒడ్డు చేరేదాకా ఆమె నా మొహం మీద, గుండెల మీద కొడుతూనే ఉంది. "సంపేసినావురా... దొరికినోడిని మళ్ళీ సంపేసినావురా..."

కొన్నాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి నరేష్ కర్మ జరిపించాం. అమ్మ అడ్డు చెప్పలేదు. ఏడవలేదు. నాతో మాట్లాడలేదు గానీ, అన్నం తినడం మొదలుపెట్టింది. ఒడ్డుకి వెళ్ళడం మానేసింది. ఒంటిమీదికి కాస్త కండ కూడా వచ్చింది. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ, మనిషి దక్కింది చాలనుకున్నాం.

ఒకరోజు తెల్లారి తల దువ్వుతానని అమ్మ దగ్గర కూర్చున్న గౌరి నన్ను కేకేసింది. అమ్మ జుట్టు తడిసి ఉంది. ఉప్పు వాసన. పొడుగూతా చిన్న చిన్న ముడులు. దువ్వెన దిగలేదు. చేత్తో విప్పబోతే రాలేదు. విడదీసి వెలుగులో పట్టుకుని చూస్తే, వల. చేపల వలకుండే సమానమైన కళ్ళతో, వెంట్రుకలతో అల్లిన వల.

ఎర్రన్న మావని పిలిపించాం. ఆయన ఆ ముడుల్ని ముట్టుకోలేదు. దూరంనుంచే చాలాసేపు చూశాడు.

"నరేష్ గాడికి వల అల్లడం వచ్చేటి?" అని అడిగాడు.

"రాదు మావా. వల సూది పట్టింది కూడా లేదు."

"మనోళ్ళెవులూ ఈ ముడి ఎయ్యరు" అన్నాడు మావ. లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు.

గౌరి కత్తెరతో ఆ ముడులన్నీ కత్తిరించేసింది. మర్నాటికి మిగిలిన జుట్టులో మళ్ళీ అల్లి ఉంది. అమ్మని అడిగితే నవ్వుతుంది. తలుపు లోపల గడియ పెట్టే ఉంటుంది. కిటికీ మూసే ఉంటుంది.

నిన్న గౌరి, "అత్త పక్కనే పడుకుంటాను, ఎవులొత్తారో సూత్తాను" అంది. నేను గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. రాత్రంతా ఏ చప్పుడూ లేదు. తెల్లారి తలుపు కొడితే గౌరి పలికింది గానీ, లేచి రాలేదు.

"బావా... తల ఎత్తలేకపోతన్నాను" అంది.

తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్ళాను. ఇద్దరూ తలలు ఆనించుకుని పడుకుని ఉన్నారు. అమ్మ నిద్రపోతోంది. దిండు తడిసి ఉంది. వల నిన్నటికంటే వెడల్పయింది. సగం వల కళ్ళు అమ్మ నెరిసిన జుట్టుతో అల్లి ఉన్నాయి. మిగతా సగం నల్లగా ఉన్నాయి.