ఒంటి చెక్కబూటు

శనివారం పొద్దున్నే వంటింట్లో ఓట్స్ జావ కలుపుతున్న ఎలునెడ్ ఉలిక్కిపడింది. పక్క గదిలో, నల్ల పలకరాళ్లు పరిచిన నేల మీద ఎవరో నడిచారు. టక్. తర్వాత చప్పుడు లేదు. మళ్లీ టక్. ఒక అడుగు వినిపిస్తోంది, రెండోది వినిపించడం లేదు. పాత ఇల్లు, ఒకటే వాన, దూలాలు ఉబ్బి ఉంటాయిలే అని సర్దిచెప్పుకుంది. మూడు రోజులుగా ఇలాగే సర్దిచెప్పుకుంటోంది.

మూడు రోజుల క్రితమే ఆమె భర్త గ్విలిమ్ పొయ్యిగూడు బాగుచేస్తూ దూలం వెనక రాయి కదిపితే, మసి పట్టిన చెక్కబూటు ఒకటి దొరికింది. మూడేళ్ల పిల్లకు సరిపోయేంత. అడుగు చెక్కది, దానికి ఇనుప అంచు. కీడు లోపలికి రాకుండా పొగగొట్టం పక్కన పిల్లల బూటు గోడలో పెట్టడం తమ ఊరు పెంట్రెవెన్‌లో పాత ఇళ్లకు అలవాటే. ఊరి పాత కట్టడాల సంఘానికి కార్యదర్శి ఎలునెడే. ఇంకేముంది, ఎగిరి గంతేసింది. ఇవాళ చర్చినీ, ఏటి నీటితో తిరిగే పాత పిండిమరనూ జనానికి చూపించే రోజు. చర్చిలో గాజుపెట్టెలో బూటు పెట్టించి, ‘మూడు వందల ఏళ్ల నాటిది’ అని చీటీ కూడా రాసేసింది.

తల్లి బ్లోడ్వెన్ మాత్రం గోడలో బోసిపోయిన గూడు చూసిన దగ్గర్నుంచి తిండి సరిగా ముట్టలేదు. ఇప్పుడొచ్చి బల్ల మీద నాలుగు గిన్నెలు పెట్టింది.

“ఉన్నది ముగ్గురం. నాలుగోది ఎవరికమ్మా?”

“దాన్ని తెచ్చి ఉన్నచోట పెట్టు, ఎలునెడ్.”

“మళ్లీ మొదలుపెట్టావా? పదింటికి జనం వచ్చేస్తారు.”

“అత్తయ్యా, ముందు కాస్త జావ తాగండి. బూటు భద్రంగానే ఉంది, నేనే తాళం వేశాను” అని గ్విలిమ్ మధ్యలో దూరాడు.

“నువ్వు ఊరుకో నాయనా. పొయ్యి బాగుచెయ్యమంటే కొంప తవ్విపెట్టావు.”

గ్విలిమ్ తన గిన్నె పట్టుకుని పెరట్లోకి జారుకున్నాడు. ఈ ఇద్దరి మధ్య కూర్చోవడం కంటే వానలో తాగడమే మేలనిపించింది పాపం.

ఎలునెడ్ గరిటె విసిరికొట్టింది. “ఈ రాళ్ల మీద ఉన్న ప్రేమ నా మీద ఎప్పుడైనా ఉందా నీకు? బడి నుంచి పరిగెత్తుకొస్తే నా వైపు తిరిగేదానివా? ఎప్పుడు చూసినా ఆ పొయ్యిగోడ మీద చెయ్యేసుకుని కూర్చునేదానివి. ఒక్కసారి, ఒక్కసారైనా ఒళ్లో కూర్చోబెట్టుకున్నావా?”

పక్క గదిలో టక్‌మంది. ఇద్దరూ అటు తిరిగారు.

“నీకూ వినిపిస్తోందా?” అంది తల్లి మెల్లగా.

“దూలాలమ్మా.”

“దూలాలు కుంటుతాయటే?”

బ్లోడ్వెన్ కుర్చీలో కూలబడింది.

“అది మూడు వందల ఏళ్లదీ కాదు, పాడూ కాదు. మీ తాతయ్య చేసింది. ఆయనకు పాత పద్ధతి తప్ప ఇంకోటి రాదుగా. మెలేరికి చేశాడు.”

ఆ పేరు తల్లి నోట ఎలునెడ్ ఎన్నడూ వినలేదు. చర్చి వెనక యూ అనే పెద్ద చెట్టు కింద చిన్న సమాధి రాతి మీద చదివింది, అంతే. తను పుట్టడానికి ఏడాది ముందు జ్వరంతో పోయిన అక్క.

“మరి రెండోదేదమ్మా?”

“దాని కాలికే ఉంది. అలాగే పడుకోబెట్టాం. ఇంటి దారి మరిచిపోకూడదని ఒకటి మీ నాన్న గోడలో పెట్టాడు. ఇన్నేళ్లూ దాని రెండు కాళ్లకూ ఉన్నాయి. ఇప్పుడు ఒకటి వట్టికాలు. ఈ నేల ఎంత చల్లగా ఉంటుందో నీకు తెలీదూ?”

“మరి నేను?” అంది ఎలునెడ్.

“నిన్నెత్తుకుని ముద్దుచేస్తే గోడలోంచి అది వింటుందేమో, తన చోటు పోయిందనుకుంటుందేమో అని భయపడి చచ్చేదాన్ని. దానికి తల్లినై నీకు కాకుండా పోయాను. తప్పు నాదేనే తల్లీ.”

ఎలునెడ్ గ్విలిమ్ దగ్గర తాళంచెవి లాక్కుని వానలో పరిగెత్తింది. చర్చి గుమ్మంలో అప్పటికే నలుగురు గొడుగులతో నిలబడ్డారు. ఆమె గాజుపెట్టె తెరిచి, చీటీ చింపి, బూటు గుండెకు హత్తుకుంది.

“ఇదేనా అమ్మా, మూడు వందల ఏళ్ల బూటు?” అని ఒక పెద్దాయన అడిగాడు.

“కాదండీ. మా అక్కది” అంది.

ఇంటికొచ్చి బూటును తన చేత్తోనే గూట్లో పెట్టింది. గ్విలిమ్ రాయి అమర్చి సున్నం మెత్తాడు. బ్లోడ్వెన్ పొయ్యి పక్కన కూర్చుని అలవాటు కొద్దీ గోడ మీద చెయ్యి వేసింది. కాసేపటికి ఆ చెయ్యి తీసి కూతురి వైపు చాపింది. యాభై ఐదేళ్ల ఎలునెడ్ నేల మీద చతికిలబడి, తడిసిన తల తల్లి ఒళ్లో పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ముసలి వేళ్లు జుట్టు నిమురుతున్నాయి.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర వినిపించింది. టక్, టక్. రెండు కాళ్లూ. టకటకా పరిగెత్తుకొచ్చి వాళ్ల పక్కనే ఆగిపోయింది.

తల్లి చెయ్యి పాత భయంతో ఒక్క క్షణం బిగుసుకుంది. ఇక తీసేస్తుందనుకుంది ఎలునెడ్.

“విననీలే” అంది బ్లోడ్వెన్. ఆ చెయ్యి కూతురి తల మీదే ఉంది.