ఏడు రోజుల సొరుగు

గొడుగుల కంపెనీలో వానకి సెలవుండదు. కొత్త గొడుగులు పరీక్షించే గదిలో పైన నీళ్ల గొట్టాలుంటాయి. పొద్దున పదింటికి తిప్పితే సాయంత్రం దాకా కురుస్తూనే ఉంటాయి. ఒక సంతకం కోసం మొదటిసారి ఆ గదికి వెళ్లిన గుమాస్తా, గుమ్మం దాటగానే నిలువునా తడిసిపోయాడు.

"గొడుగు ఇవ్వనా?" అంది పరీక్షలు చేసే అమ్మాయి. ఆమె చుట్టూ అరవై గొడుగులున్నాయి.

"పర్లేదండి," అన్నాడతను, చేతిలో కాగితం ముద్దవుతుండగా.

ఆ రోజు నుంచి ఆమెకి అతను 'పర్లేదుగారు' అయిపోయాడు. పేరు అతికినట్టు సరిపోయింది. టీ చల్లారినా పర్లేదు, కుర్చీ కాలు విరిగినా పర్లేదు, ప్రమోషన్ పక్కవాడికి పోయినా పర్లేదు. రెండేళ్లపాటు ఏదో ఒక కాగితం పట్టుకుని ఆ గదికి వెళ్లి తడిసి వచ్చాడు. వాటిలో సగానికి ఆమె సంతకమే అక్కర్లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, గొట్టాలు తిప్పే మేస్త్రీకీ తెలుసు. నోరు తెరవాల్సిన మనిషి మాత్రం తెరవలేదు.

ఒకరోజు ఆమే అతని టేబుల్ దగ్గరికి వచ్చి కవరు పెట్టింది.

"ఏంటండి ఇది?"

"రాజీనామా."

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. మంచి పనివాడొకడు కోపంలో ఇచ్చిన రాజీనామాని పాత యజమాని అప్పటికప్పుడు ఒప్పుకుని, ఆ తర్వాత చాలాకాలం బాధపడ్డాడట. అందుకని ఏ రాజీనామా అయినా ఏడు పనిరోజులు గుమాస్తా సొరుగులో ఉండాలి. వెనక్కి తీసుకుంటే ఎందుకని ఎవరూ అడగరు. తీసుకోకపోతే ఏడో రోజు సాయంత్రం పైకి, మేనేజర్ దగ్గరికి వెళ్తుంది. కోపంతో రాసినవి రెండో రోజుకే వెనక్కి పోవడం గుమాస్తా చూశాడు. బతిమాలించుకోవడానికి రాసినవి ఎవరో ఒకరు బతిమాలేదాకా ఉండేవి. నిజంగా విసిగిపోయినవాళ్లు రెండు లైన్లకి మించి రాసేవాళ్లు కాదు.

తనది ఏ రకమో ఆమే చెప్పింది. "మా అన్నయ్య సంబంధం చూశాడు. చాలా దూరం ఊరు. ఆలోచించుకుంటానని ఏడు రోజులు గడువడిగాను. ఇక్కడ ఉండటానికి కారణం దొరికితే కాగితం వెనక్కి తీసుకుంటాను."

"అలాగేనండి," అని అతను సొరుగు మూసి తాళం వేశాడు. మంచివాడే, కాదనను. కానీ అంత మంచితనం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆమె రోజూ నాలుగింటికి వచ్చేది.

"నా కాగితం భద్రంగా ఉందా?"

"ఉందండి."

"ఎలుకలేమైనా కొట్టేస్తాయేమో."

"మా సెక్షన్లో ఎలుకల్లేవండి."

"ఎలుకలూ లేవు, మాటలూ లేవు. ఏం సెక్షనండీ మీది," అని నవ్వి వెళ్లిపోయేది.

ఆరో రోజు నవ్వలేదు. "మీరు నాతో ఏమైనా చెప్పాలా?" అని సూటిగా అడిగింది.

గుండెలో ఉన్నది గొంతుదాకా వచ్చింది. "మీ ఇష్టమండి. మీకు ఏది మంచిదైతే అదే," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ వడ్డిస్తూ, "కూరలో ఉప్పు మర్చిపోయాను, చెప్పవేంరా?" అంది.

"పర్లేదమ్మా," అన్నాడు. ఆ మాట తన చెవికే చేదుగా తగిలింది. కంచం ముందే కూర్చుని జరిగిందంతా చెప్పేశాడు.

"ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేవాళ్లని చూశాను గానీ, బతుక్కే ఇచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నాను," అంది అమ్మ. "అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నువ్వడక్కుండానే పెట్టి పెట్టి నేనే నిన్ను చెడగొట్టాను. పొద్దున్నే వెళ్లి అడుగు."

మర్నాడు చేతిలో ఏ కాగితమూ లేకుండా పరీక్ష గదికి వెళ్లాడు. నీళ్లు నెత్తిమీద పడుతుంటే అడిగేశాడు. "వెళ్లకండి. మీరు వెళ్లిపోతే పర్లేదని నేను అనలేనండి."

ఆమె చేతిలో గొడుగు పక్కకి వాలింది.

"నిన్న ఇంటికెళ్లగానే ఫోన్ చేసి సరేనన్నాను," అంది మెల్లగా.

"కాగితం ఇంకా సొరుగులోనే ఉందండి. సాయంత్రం దాకా టైముంది."

"కాగితానికి ఉంది. ఆ పెళ్లికొడుకు రోజూ ఫోన్ చేసి, నీకు ఇష్టమేనా అని అడిగాడండీ. అడిగిన మనిషికి మాటిచ్చాను. ఎలా వెనక్కి తీసుకోను?"

"మరి మీకు ఇష్టమేనా?"

"ఇష్టపడతాను. సరిపెట్టుకోవడం ఎలాగో రెండేళ్లు మీ దగ్గర చూశాను కదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది.

ఆమె కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ అడిగింది. "గొడుగు ఇవ్వనా?"

పర్లేదు అనే మాట నాలుక చివరదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇవ్వండి," అన్నాడు. "బాగా తడిసిపోయానండి."

ఆమె గొడుగు ఇద్దరి మీదా పట్టింది. మేస్త్రీ చూసి, గొట్టాలు కట్టేయకుండా బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం సైరన్ మోగాక అతను సొరుగు తాళం తీసి, ఆమె కవరు తనే పైకి తీసుకెళ్లాడు.